కుందేలు కోసం కరెంటు తీగ లాగొద్దు: మన పెరటికి కంచె చాలు



పోస్ట్ కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటో పెట్టాడు. వాళ్లమ్మ పెరట్లో వేసిన అలసంద మొలకలన్నీ ఒక్క రాత్రిలో కుందేలు కొరికేసింది, ఏం చేయాలి అని అడిగాడు. కింద వచ్చిన జవాబులు దాదాపు రెండే రకాలు. ఒకటి, "ఒక తీగ లాగి కరెంటు ఇయ్యి బ్రో, పొద్దునకి కూర కూడా రెడీ." దీనికి బోలెడు నవ్వులు. రెండోది, "మనం యానాదోళ్లం, ఉచ్చు వేయడం మన హక్కు. ఎవడు అడుగుతాడో చూద్దాం." దీనికి బోలెడు చప్పట్లు.

నాకు మొదటిదానికి నవ్వు రాలేదు. రెండోదానికి చప్పట్లు కొట్టాలని చెయ్యి లేచింది కానీ కొట్టలేదు. ఎందుకో చెప్పడానికే ఈ పోస్ట్.

మా ఇల్లు గుంటూరు పక్కన నల్లపాడు శివార్లో. రైలు కట్ట దాటితే మిరప, పత్తి చేలు. ఇప్పుడు చేల మధ్యలో వెంచర్లు కూడా వచ్చాయి. రాళ్లు పాతి, ప్లాట్లు కోసి, ఏళ్ల తరబడి ఎవరూ ఇల్లు కట్టకపోతే అందులో సర్కారు తుమ్మ మొలుస్తుంది. మనుషులు రాని ప్లాట్లలోకి కుందేళ్లు వచ్చాయి. పగలు ఆ కంపలో పడుకుంటాయి, చీకటి పడ్డాక బయటికి వస్తాయి. ఎండాకాలం చేలన్నీ ఖాళీ అయ్యాక పచ్చగా కనపడేది మా కాలనీ పెరళ్లే. ఎందుకంటే అంట్లు కడిగిన నీళ్లు అక్కడికే పోతాయి.

మా అమ్మ పెరడు మొత్తం కలిపి ఒక సెంటు. తోటకూర, గోంగూర, చుక్కకూర, నాలుగు బెండ చెట్లు, ఒక అలసంద సాలు, దడి మీద చిక్కుడు. చదివేవాళ్లకి ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. కానీ మిరప కోతలు లేని నెలల్లో మా ఇంట్లో కూర అంటే ఆ సెంటు భూమే. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మా వీధిలో అయితే సర్వే అక్కర్లేదు, ముఖాలు చూస్తే చాలు. ఆకుకూర పోయిందంటే మా అమ్మ, మా చెల్లెలు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు. కాబట్టి "పాపం కుందేలు, తిననీ" అనే మాట నేను అనను. అది తిన్నది మా వాళ్ల అన్నం.

మొదట మేము కుందేలు అనుకోలేదు. పక్కింటి మేకలే అనుకున్నాం. అమ్మకీ పక్కింటి అత్తకీ రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు మా తాత కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చి, వంగి నేల చూశాడు. "మేక పీకుద్ది, చింపుద్ది. ఇది కత్తిరించినట్టు ఏటవాలుగా కోసింది చూడు" అన్నాడు. గుండ్రటి పెంటికలు చూపించాడు. అడుగులు చూపించాడు. చిన్న కాళ్లు వెనక, పెద్ద కాళ్లు ముందు పడి ఉన్నాయి. "దూకేటప్పుడు ఎనక కాళ్లు ముందుకు పడతయ్. ఇది చెవులపిల్లి. ఇదిగో, ఈ సందులో నుంచి వచ్చింది, ఈ సందులో నుంచే పోయింది. రేపు కూడా ఇటే వస్తది" అని దడి కింద జానెడు సందు చూపించాడు. అమ్మ పోయి అత్తతో మాట్లాడింది.

మా తాతకి అక్షరం రాదు. కానీ ఆ నేల మీద రాసి ఉన్నదంతా చదివాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

ఇప్పుడు మొదటి జవాబు. కరెంటు.

మా నాన్న చేల కాపలా పని చేస్తాడు. కొన్నేళ్ల కిందట ఒక ఆసామి తన చేలో అడవి పందుల కోసం చుట్టూ తీగ లాగించాడు. రాత్రి తీగకి కరెంటు తగిలించాలి, తెల్లారకముందే తీసేయాలి. తగిలించేది, తీసేది ఎవరు? కాపలావాడు. అంటే మా నాన్న. ఆసామి ఊళ్లో పడుకుంటాడు. చీకట్లో, తడి నేల మీద, కర్రకి కొక్కెం కట్టి లైను మీద వేసేది మా నాన్న. పొరపాటున చెయ్యి జారితే చచ్చేది మా నాన్న. తెల్లవారుజామున బహిర్భూమికి వచ్చిన మనిషి ఎవరైనా తగిలి చచ్చిపోతే, "తీగకి కరెంటు ఇచ్చింది ఎవడు?" అని పోలీసులు అడిగితే, అప్పుడు కూడా మా నాన్నే. నాన్న నా వల్ల కాదన్నాడు. ఆ పని పోయింది. ఆ సీజన్ ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డాం. కానీ మా నాన్న ఇంకా బతికి ఉన్నాడు, ఆయన చేతుల మీద ఎవరి చావూ లేదు.

పెద్ద రైతు చేలో తీగ వద్దని పని వదులుకున్న ఇంట్లో, సెంటు పెరడుకి అదే తీగ లాగుదామా?

కొంచెం సైన్స్ కూడా చెప్తా, ఎందుకంటే "తక్కువ కరెంటే కదా" అనేవాళ్లు ఉన్నారు. ఇంటికి వచ్చేది 230 వోల్టులు. అందులో ఆంపియర్‌లో చాలా చిన్న వంతు గుండె గుండా పోయినా గుండె ఆగిపోవచ్చు. తీగ పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి వదలదు కూడా. సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో ఎనర్జైజర్ అనే పెట్టె సెకనుకి ఒకసారి చొప్పున, కన్ను మూసి తెరిచేలోపు వందో వంతు కూడా లేని చిన్న దెబ్బ కొడుతుంది. జంతువు ఉలిక్కిపడి పారిపోతుంది, చావదు. ఆ పెట్టె లేకుండా లైను నుంచి నేరుగా లాగిన తీగ కంచె కాదు, ఉరి. మా పెరట్లో ఆడుకునే పిల్లలు అయిదుగురు. కుందేలు రాత్రి వస్తుంది. బంతి కోసం పిల్లలు ఎప్పుడైనా వస్తారు.

చట్టం సంగతి కూడా వినండి. స్తంభం నుంచి కొక్కెం వేయడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో చావుకి కారణమైన కేసు. పరిస్థితిని బట్టి అంతకన్నా పెద్ద కేసు కూడా అవ్వొచ్చు. తీగకి కుందేలు తగిలి చస్తే వన్యప్రాణి కేసు మళ్లీ వేరే.

ఇంకొందరు ఫోరేట్ గుళికలు చల్లమన్నారు. వాసనకి ఏ జంతువూ రాదంట. ఆ మందుని 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో ఆపేశారు. ఆపింది ఊరికే కాదు, అది మనుషుల్ని చంపే విషం. తినే ఆకుకూర మడి చుట్టూ విషం చల్లి, కుందేలు నుంచి కూరని కాపాడాం అనుకుంటే ఇక ఏం చెప్పాలి!

ఇప్పుడు రెండో జవాబు. ఉచ్చు. ఇది నాకు కష్టమైన భాగం.

మా తాత ఉచ్చులు వేసిన మనిషే. దానికి నేను సిగ్గుపడను. వేట మా వాళ్లకి సరదా కాదు, తిండి. ఎలకలు పట్టడానికి పొగకుండ పట్టుకుని మన వాళ్లు వరి పొలాల్లోకి వెళ్తే ఆసాములే పిలిచి డబ్బులిస్తారు. అదే చేతులు, అదే చూపు. ఎలకని పట్టినవాడు రైతు నేస్తం, కుందేలుని పట్టినవాడు నేరస్థుడు. తేడా ఎక్కడుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టం కుందేలుని రక్షించే జాబితాలో పెట్టింది, ఎలకల్ని మాత్రం 2022 సవరణ దాకా పురుగుపుట్ర లెక్కన వదిలేసింది. చంపితేనే వేట కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, పట్టుకోవడం కూడా చట్టం లెక్కలో వేటే. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

"అటవీ హక్కుల చట్టం ఉంది కదా" అని ఒక అన్న రాశాడు. అన్నా, 2006 చట్టం 3వ సెక్షన్ ఒకసారి పూర్తిగా చదువు. తరతరాల ఆచార హక్కులన్నీ ఇస్తూనే, వేటాడే హక్కు, ఉచ్చు వేసే హక్కు మాత్రం మినహాయింపు అని అందులోనే రాసి ఉంది. పైగా మనం మైదానంలో ఉన్నాం. నల్లమలలో చెంచు తమ్ముళ్లకే వేట హక్కు లేకపోతే, నల్లపాడు ప్లాట్లలో మనకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ చట్టం న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు. నేనూ వాదిస్తా. రోడ్డు పక్కన దాచి అమ్మిన కుందేలు మాంసం కార్లో వచ్చి కొనుక్కుపోయేవాళ్లు ఇంట్లో హాయిగా ఉంటారు, పట్టినవాడు స్టేషన్లో ఉంటాడు. ఇది అందరికీ తెలిసిన సంగతే. కొనడం కూడా నేరమే అని చట్టంలో ఉన్నా ఆ కాగితం కారు దాకా పోదు. కానీ ఈ అన్యాయం మీద పోరాడే పద్ధతి మన తమ్ముడి చేతికి ఉచ్చు ఇవ్వడం కాదు. అతను డిగ్రీ రెండో సంవత్సరం. కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు. రేపు వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు ఒక్క కేసు ఉంటే చాలు. చప్పట్లు కొట్టిన మనం ఎవరం అప్పుడు వెంట ఉండం.

మన ఇళ్ల మీద "దొంగలు" అని ముద్ర వేసిన చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన పక్కనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎరుకల వాళ్ల సెటిల్‌మెంట్‌గా పుట్టింది ఆ రోజుల్లోనే. యానాదుల్లో కూడా కొందరిని ఆ జాబితాలో పెట్టారు. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు కొట్లాడగా కొట్లాడగా 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చూపు పోలేదు. ఊళ్లో ఏం పోయినా ముందు మన కాలనీకే వస్తారు. అట్లాంటి చూపు ఉన్నచోట మనం మన చేతులారా ఒక సాక్ష్యం ఎందుకు ఇవ్వాలి?

సరే, తీగ వద్దు, ఉచ్చు వద్దు. మరి ఏం చేయాలి? ఊరికే నీతులు చెప్పి పోతే నేనూ వాళ్లలాంటోడినే అవుతా. మేము చేసింది చెప్తా, పోయినవి కూడా చెప్తా.

మొదట మిరప నీళ్లు. గుంటూరోళ్లం కదా! తాలు కాయలు నానబెట్టి, వెల్లుల్లి దంచి కలిపి చల్లాం. రెండు రాత్రులు పనిచేసింది. అమ్మ నీళ్లు పోయగానే కారం అంతా నేలలోకి పోయింది. మళ్లీ చల్లాలి, కోసుకున్న కూర మూడుసార్లు కడగాలి. వదిలేశాం. తర్వాత పాత చీరలు చుట్టూ కట్టాం. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు చీర కిందనుంచే వచ్చింది. తర్వాత డబ్బాలు వేలాడదీశాం. కుందేలు సంగతి ఏమో కానీ గాలి వీస్తే వీధి మొత్తానికి నిద్ర లేదు.

చివరికి తాత చెప్పినట్టు చేశాం. "అది ఎగిరి వస్తదని మీరు పైకి చూస్తన్నారు. అది కింద నుంచి వస్తది. కింద మూయండి" అన్నాడు. మన కుందేలు సీమ కుందేలులాగా బొరియ తవ్వి కాపరం ఉండదు, గడ్డిలో పడక వేసుకుంటుంది. పునాది లోతు కంచె అక్కర్లేదు. కానీ సందు దొరికితే దూరుతుంది, సందు చిన్నదైతే గీరి పెద్దది చేస్తుంది.

మా పెరడు చుట్టుకొలత 84 అడుగులు. మూడు అడుగుల వెడల్పున్న కోళ్ల మెష్ 50 అడుగుల చుట్టలు రెండు తెచ్చాం. కన్ను ముప్పావు అంగుళం ఉండేది చూసుకున్నాం. కన్ను పెద్దదైతే పిల్ల కుందేళ్లు దూరిపోతాయి. అయిదు అడుగులకి ఒకటి చొప్పున సుబాబుల్ కర్రలు పాతాం. మెష్ అడుగున అర అడుగు బయటివైపుకి మడిచి, నేల మీద పరిచి, పైన మట్టి, రాళ్లు వేశాం. కుందేలు వచ్చి కంచె మొదట్లో గీరితే కాళ్ల కింద మళ్లీ మెష్షే తగులుతుంది. పైకి రెండున్నర అడుగులు మిగిలింది. బయట పత్తి కంప, మిరప కట్టె అడ్డంగా పేర్చాం. అవి పంట అయ్యాక చేలలో ఎట్టాగూ తగలబెట్టేవే. తలుపుకి పాత రేకు. తలుపు కింద గడప లాగా ఒక రాయి, ఎందుకంటే సందు మిగిలేది అక్కడే. మొత్తం రెండు వేల లోపు అయింది. అంత లేనివాళ్లు మొలకలు ఉన్న మడికి మాత్రమే కట్టుకోండి. చెట్టు ముదిరాక అంత నష్టం ఉండదు.

ఒక జాగ్రత్త. పాత చేపల వలలు ఊరికే దొరుకుతాయి కదా అని కట్టొద్దు. జెర్రిపోతులు చిక్కుకుని చస్తాయి. అది పోతే పెరట్లో ఎలకలు పెరుగుతాయి.

వారానికి ఒకసారి మా తమ్ముడు కంచె చుట్టూ తిరిగి సందులు చూస్తాడు. ఇది ముఖ్యం. ఆస్ట్రేలియాలో 1859లో ఒక దొర వేట సరదా కోసం 24 కుందేళ్లు తెప్పించి వదిలాడు. అవి దేశమంతా పాకాయి. వాటిని ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు. కట్టేలోపే కుందేళ్లు అవతలికి చేరాయి. దేశానికి కంచె వేయడం ఎవరి వల్లా కాదు. సెంటు పెరడుకి వేయడం అవుతుంది, రోజూ చూసుకుంటే.

ఆ కంచె గురించి ఇంకో మాట. 1931లో అక్కడి ఆదివాసీ ఆడపిల్లలు ముగ్గురిని ప్రభుత్వం తల్లుల దగ్గర్నుంచి లాక్కుని దూరంగా సెటిల్‌మెంట్‌లో పెట్టింది. వాళ్లు తప్పించుకుని, ఆ కుందేళ్ల కంచె పట్టుకుని దాదాపు 1,600 కిలోమీటర్లు నడిచారు. ఒక పిల్లని దారిలో మళ్లీ పట్టుకున్నారు. ఇద్దరు ఇంటికి చేరారు. అందులో ఒకామె కూతురు డోరిస్ పిల్కింగ్టన్ ఆ కథని పుస్తకంగా రాసింది, సినిమా కూడా వచ్చింది. పెద్దోళ్లు పంట కోసం కట్టిన కంచెని ఆ పిల్లలు ఇంటికి దారిగా చదువుకున్నారు. మా తాత నేలని చదివినట్టే.

అందుకే నా అసలు మాట ఇది. మన దగ్గరున్న విద్య వేట ఒక్కటే కాదు. జంతువు ఎటు వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఏం తింటుంది, దేనికి బెదురుతుంది అనే తెలివి అది. ఉచ్చు దానికి ఒక వాడకం, కంచె ఇంకో వాడకం. ఒక వాడకం మీద చట్టం తలుపు వేసింది. ఇంకో తలుపు మనం తెరిపించుకోవాలి. తమిళనాడులో ఇరుళర్లు పాము చర్మాల కోసం పాముల్ని పట్టేవాళ్లు. 1972 చట్టంతో ఆ పని పోయింది. 1978లో వాళ్లకి సహకార సంఘం ఏర్పడింది. ఇప్పుడు అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. పాముకాటు మందు ఆ విషంతోనే తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుళర్లకి పద్మశ్రీ వచ్చింది. అవే చేతులు. మారింది ప్రభుత్వం చూసిన చూపు.

మన యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. లాంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, నల్లపాడుకి ఎంతో దూరం లేదు. మనం అడగాల్సినవి అడుగుదాం. పెరటి తోట అంటే విత్తనాల ప్యాకెట్ చేతిలో పెట్టి ఫోటో తీసుకోవడం కాదు, దాంతోపాటు మెష్ కూడా ఇవ్వాలి. చేలలో పందులు, కుందేళ్ల జాడ చూసి చెప్పే పనికి, కంచెలు కట్టే పనికి మన పెద్దవాళ్లని కూలి ఇచ్చి పెట్టుకోవాలి. పంట పాడుచేసే జంతువు మీద చర్యకి అధికారి రాతపూర్వక అనుమతి కావాలని చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. నష్టం నిజంగా ఎక్కువైతే ఆ దారిలోనే అర్జీ పెడదాం. రాత్రి తీగలకి కరెంటు తగిలించే పని మన వాళ్లతో చేయించే ఆసాములకి మాత్రం కాలనీ మొత్తం కలిసి వద్దని చెప్పాలి. ఒక్కడు చెప్తే పని పోతుంది. అది మా ఇంట్లో చూశాం.

"ఇన్ని కబుర్లు ఎందుకు, ఆకలేసినోడికి కుందేలు తిండే కదా" అని మా బాబాయే అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కూలి సరిగా దొరికి, రేషన్ సరిగా వచ్చి, పెరడు పచ్చగా ఉంటే ఆ ప్రశ్న కొంచెం చిన్నదవుతుంది, అంతే. అందుకే పెరడు గురించి ఇంత రాశాను.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం కాదు నేను. తప్పుంటే సరిచేయండి. మీ కాలనీల్లో, తండాల్లో, గూడేల్లో పెద్దవాళ్లు ఇట్టాంటి వాటికి ఏం చేసేవాళ్లో అడిగి రాయండి. మా తాతకి ఈ మధ్య చూపు తగ్గింది. నేల మీద అడుగులు నాకు నేర్పమని అడిగితే, "సెల్లు పక్కన పెట్టి వస్తే నేర్పుతా" అన్నాడు. ఈ ఆదివారం పెట్టి వెళ్తున్నా.

ఫోటో పెట్టిన తమ్ముడూ, అలసంద మళ్లీ వెయ్యి. వేసేముందు దడి కింద సందు చూసుకో.